తెరిచిన కిటికీకి అలారం పనికొస్తుందా?

ప్రశ్న (అనంతపురం, పాతూరు)

మాది నలభై ఏళ్ల నాటి ఇల్లు. ఏడు కిటికీలు, అన్నింటికీ బయటికి తెరుచుకునే టేకు రెక్కలు, లోపల ఇనుప చువ్వలు. పోయిన నెల మా వీధి చివరింట్లో వెనక కిటికీ చువ్వలు వంచి దొంగలు దూరారు. ఇంటివాళ్లంతా మిద్దె మీద పడుకునే ఉన్నారు! అప్పటినుంచి మా ఆవిడ రాత్రి రెండుసార్లు లేచి వంటింటి కిటికీ తడిమి వస్తోంది.

బెంగళూరు నుంచి మా అబ్బాయి అగ్గిపెట్టెంత అలారాలు నాలుగు పంపాడు. ఒక ముక్క రెక్కకు, ఇంకొకటి చట్రానికి అతికించాలి. రెండూ విడిపోతే కూత పెడుతుంది. కూతకేం లోటు లేదు, మొదటిరోజే పక్కింటి మేక తాడు తెంపుకుంది. నా ఇబ్బంది వేరు. మే నెలలో కిటికీలు మూసి పడుకుంటే ప్రాణం తీయడానికి దొంగ అక్కరలేదు, ఉక్కే చాలు. తెరిచిన కిటికీకి ఇది ఏం చేస్తుంది?

జవాబు (కర్నూలు, కరెంటు పని చేస్తాను)

ఏమీ చేయదు సార్. అయస్కాంతం ముక్క దూరమైతేనే లోపలి స్విచ్చి మోగిస్తుంది. మీ వీధి దొంగ రెక్క జోలికే పోలేదు, చువ్వలు వంచాడు. మీకు కావలసింది అదురుకు మోగే రకం, దాన్ని చువ్వకే కట్టాలి. అయితే ఆషాఢం గాలి మీ ఊళ్లో ఎలా ఉంటుందో నాకు తెలుసు. చిన్న అదురుకు మోగకుండా దాని సున్నితత్వం తగ్గించి పెట్టండి. ఇనుప చట్రాలున్నవారికి ఒక మాట: ఇనుము అయస్కాంతం బలాన్ని లాగేస్తుంది, రెక్క మూసి ఉన్నా మోగుతుంది. ఇనుముకూ అలారం ముక్కకూ మధ్య పలుచని చెక్క ముక్క పెట్టండి.

జవాబు (కడప)

అన్నగారూ, మా అత్తగారు కిటికీ బండ మీద నాలుగు స్టీలు గ్లాసులు బోర్లించి పడుకునేవారు. బ్యాటరీ మార్చే పని లేదు. పిల్లి వస్తే మాత్రం ఇల్లంతా లేవాల్సిందే.

జవాబు (అనంతపురం)

ఇంటికి తాళం వేసి ఊరెళ్లేటప్పుడు పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్లపై నిఘా పెట్టే ఏర్పాటు) ఉంది కదా. యాప్‌లో ఇల్లు నమోదు చేసి అడిగితే వచ్చి కెమెరా పెడతారు, డబ్బు తీసుకోరు. లోపల కదలిక ఉంటే కంట్రోల్ రూముకు తెలుస్తుంది. మనుషులున్న ఇంటికి కుదరదు. అలారం మోగితే మీరు బయటికి పరుగెత్తకండి, లైట్లు వేసి 112కు ఫోను చేయండి.

ప్రశ్న అడిగినవారు

అదురు అలారం వంటింటి చువ్వకు కట్టాను. నిన్న తెల్లవారుజామున గాలివానకు రెక్క వచ్చి చువ్వలకు కొట్టుకుని మోగింది. ఆ రెక్కకు కొక్కెం లేదని ఇన్నేళ్లకు తెలిసింది. రేపు వడ్రంగి వస్తానన్నాడు. గ్లాసులు కూడా పెట్టాను, ఆవిడ పట్టుబట్టింది.