కష్టమూ ప్రమాదమూ లేని బ్రతుకుకు అర్థం ఉండదా?

ప్రశ్న:
దేవుణ్ణి నమ్మే మిత్రుడొకరితో నాకు కొన్నాళ్లుగా ఒక వాదం నడుస్తోంది. ఓడిపోయే, నష్టపోయే, ఒక్కోసారి ప్రాణమే పోయే అవకాశం నిజంగా ఉన్నప్పుడే మనం చేసే పనికి విలువ వస్తుందని నేను అంటాను. కష్టాలు మనిషిని తీర్చిదిద్దడానికే వస్తాయని ఆయన అంటారు కాబట్టి, పైకి ఇద్దరమూ ఒకే మాట చెబుతున్నట్టు ఉంటుంది. కానీ చివరికి అన్నింటినీ సరిదిద్దే దేవుడు ఉన్నాడంటే మన ప్రమాదాలేవీ నిజమైన ప్రమాదాలు కావు. లేడంటే మనం పడిన కష్టం ఎవరి లెక్కలోకీ ఎక్కదు. నా వాదం ఎటు తిప్పినా చిక్కుపడుతోంది.

జవాబు 1:
తత్వవేత్త విలియం జేమ్స్ ఒకసారి అమెరికాలోని షటాక్వా సరస్సు ఒడ్డున ఒక విద్యా విడిదిలో వారం రోజులు గడిపారు. అక్కడ పేదరికం లేదు, తాగుడు లేదు, నేరాలు లేవు, పోలీసులూ లేరు. ఉపన్యాసాలు, సంగీతం, ఆటలు కావలసినన్ని ఉన్నాయి. తీరా అక్కడినుంచి బయటపడగానే "అమ్మయ్య" అనిపించిందని, అలా అనిపించినందుకు తనకే ఆశ్చర్యం వేసిందని ఆయన 1899లో అచ్చయిన ప్రసంగంలో చెప్పుకున్నారు. తర్వాత రైలులో వెళుతూ, ఆకాశాన్ని అంటే ఇనుప కట్టడం అంచున పనిచేస్తున్న కూలీని చూసి, తాను వెతుకుతున్న సాహసం రోజూ కళ్లముందే ఉందని గ్రహించారు. మీ వాదానికి ఇక్కడిదాకా బలమే. అయితే జేమ్స్ అక్కడ ఆగలేదు: వెనుక ఒక ఆశయం లేకపోతే ఆ కూలీ చెమటకు కూడా గొప్పతనం రాదని, ఆశయమూ ఓర్పూ కలిసినప్పుడే జీవితం సార్థకమవుతుందని తేల్చారు. (కూలీ మనసులో ఏ ఆశయం ఉందో రైలు కిటికీలోంచి ఎలా తెలుస్తుందన్నది వేరే సంగతి.)

జవాబు 2:
నేను ఆస్తికుణ్ణి. మాకు విపత్తులు మళ్లీ మళ్లీ రావాలని కుంతి కృష్ణుణ్ణి వేడుకున్న ఘట్టం భాగవతం ప్రథమ స్కంధంలో ఉంది. కష్టం మంచిదని ఆమె అలా అడగలేదు, కష్టంలోనే ఆయన దర్శనం దొరికింది కాబట్టి అడిగింది. ఆ మాట అన్నది ఎప్పుడో కూడా చూడండి: యుద్ధం ముగిసింది, ఉపపాండవులు నిద్రలోనే హతులయ్యారు, ఉత్తర గర్భంలోని శిశువు బ్రహ్మాస్త్రం నుంచి అప్పుడే బయటపడ్డాడు. దేవుడు ఎదురుగానే నిలబడి ఉన్నాడు, అయినా పోయిన మనుమలు తిరిగి రాలేదు. కాబట్టి దేవుడుంటే నష్టం నిజం కాదన్న మీ మాట నాకు నిలబడేలా కనిపించడం లేదు. ఇంకొకటి, ఐదుగురు కొడుకులను పోగొట్టుకున్న ద్రౌపదిని పిలిచి "ఇది నీ మంచికే" అని కుంతి చెప్పలేదు.

జవాబు 3:
నాకు దేవుడి మీద నమ్మకం లేదు. పక్షవాతంతో మంచాన పడ్డ మా నాన్నగారికి పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పేవాళ్లం. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెట్టి, దుప్పటి ముడత పడకుండా చూసుకుంటూ తిప్పాలి. కొన్ని నెలల తర్వాత గాలిపరుపు కొన్నాం, పని చాలా తేలికయింది. కష్టమే అర్థాన్ని ఇచ్చేదైతే, ఆ పరుపు వచ్చిన రోజున మా సేవకు అర్థం సగమై ఉండాలి. అలాంటిదేమీ జరగలేదు. నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌ను చవిచూసిన మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ కూడా అర్థానికి బాధ అవసరమని అనలేదు. తప్పించుకోగలిగిన బాధను తప్పించుకోవాలనే చెప్పారు.

ప్రశ్న అడిగినవారు:
కష్టం విషయంలో ఒప్పుకుంటున్నాను. కానీ ఆ పరుపు మీ శ్రమను తగ్గించిందే తప్ప, ఆయన్ను కోల్పోతామన్న భయాన్ని తగ్గించలేదు కదా? నేను ప్రమాదం అంటున్నది దాన్నే.

జవాబు 3 రాసినవారు:
తగ్గించలేదు, చివరికి కోల్పోయాం కూడా. కానీ ఆయన తప్పక కోలుకుంటారని డాక్టరు మొదటిరోజే హామీ ఇచ్చి ఉన్నా, రాత్రి రెండింటికి లేచి అదే పని చేసేవాణ్ణి. కాకపోతే నిద్ర కాస్త బాగా పట్టేది.