బీఏ హిస్టరీ: బీఈడీ, గ్రూప్స్ కాక ఇంకేం ఉన్నాయి?

బీఏ_సెకండియర్:
హైదరాబాద్‌లో చదువుతున్నా. ఇంట్లో బీఈడీ చేయమంటున్నారు, నా మనసేమో ఆర్కియాలజీ మీద ఉంది. డిగ్రీ అయ్యేలోపు ఏం నేర్చుకుంటే పనికొస్తుంది?

శాసనాల_పిచ్చి:
తవ్వకాల వైపు వెళ్లాలంటే ఉత్త బీఏ చాలదు. గ్రేటర్ నోయిడాలోని పురావస్తు సంస్థలో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది, సీట్లు 15. హిస్టరీ వాళ్లకైతే ఎంఏలో ప్రాచీన లేదా మధ్యయుగ భారత చరిత్ర ఉండాలి. చాలామంది ఎంఏలో మోడరన్ తీసుకుని, తర్వాత నోటిఫికేషన్ చూసి నాలుక కరుచుకుంటారు.

ఈలోగా పాత తెలుగు లిపి మొదలుపెట్టండి. 575 నాటిదని చెప్పే కలమళ్ల శాసనం దగ్గర్నుంచి కాకతీయుల దాకా అక్షరం ఎలా మారిందో ఒక చార్టు మీ చేత్తోనే గీసుకోండి. శాసనం నకలు తీయడమూ చూసి నేర్చుకోవాల్సిందే: రాయి కడిగి, తడి కాగితం పరిచి, గుంటల్లోకి దిగేలా బ్రష్‌తో కొట్టి, కాస్త ఆరాక సిరా అద్దాలి. తడి ఎక్కువుంటే సిరా పాకి అక్షరం పూడిపోతుంది. ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) కాపాడే కట్టడాల దగ్గర అనుమతి లేకుండా మాత్రం రాయి ముట్టొద్దు.

రికార్డ్_రూమ్:
తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ మర్చిపోకండి. షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కన్ కాగితాలు అక్కడున్నాయి, అన్నీ ఫార్సీ. భాష వచ్చినవాళ్లు తక్కువ, అందుకే వచ్చినవాళ్లకు విలువ. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్లు ఢిల్లీలో ఏడాది డిప్లొమా నడుపుతారు.

మ్యాపు_మార్కులు:
బీఈడీని తీసిపారేయకండి. రెండేళ్లు, ఆపైన టెట్, డీఎస్సీ. డిగ్రీ కాలేజీలో చెప్పాలంటే ఎంఏలో 55 శాతం, పైన నెట్ లేదా సెట్. సివిల్స్‌లో హిస్టరీ ఆప్షనల్ 500 మార్కులు. అందులో 50 మ్యాపువే: 20 చోట్లు గుర్తించి, ఒక్కోదానికి 30 మాటల్లో రాయాలి. అక్కడ గైడు బట్టీ పట్టినవాళ్లు దొరికిపోతారు. మన గ్రూప్-1కి ఆప్షనల్సే లేవు, ఆ భ్రమలో ఉండొద్దు.

బీఏ_సెకండియర్:
ఉర్దూ చదవగలను. ఫార్సీకి పనికొస్తుందా?

రికార్డ్_రూమ్:
లిపి దాదాపు అదే కాబట్టి సగం బరువు దిగినట్టే. కానీ పాత దస్తావేజుల్లో షికస్తా రాత ఉంటుంది, చుక్కలు ఎగిరిపోతాయి, మాటలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అచ్చులో వచ్చిన ఫర్మానా పక్కన పెట్టుకుని రోజుకు నాలుగు లైన్లు పోల్చి చదవండి.