హామ్ రేడియోలో 80 మీటర్ల బ్యాండ్‌కి వెళ్తే మైకు చురుక్కుమంటోంది, పైగా ఎస్9 నాయిస్ (సిగ్నల్ మీటర్ మీద 9 దాకా గోల)... విడిగా ఎర్త్ రాడ్ కొట్టించాలా?

మేడమీద రిగ్:

అందరికీ నమస్తే. నా రిగ్ (రేడియో సెట్టు) రెండో అంతస్తులో ఉంది, మామూలు 100 వాట్ల ట్రాన్సీవర్. పిట్టగోడ నుంచి ఎదురుగా ఉన్న పెద్ద చెట్టు దాకా 40 మీటర్ల తీగ లాగి ఎండ్‌ఫెడ్ హాఫ్‌వేవ్ (ఒక కొస నుంచి పవర్ ఇచ్చే, సగం వేవ్‌లెంగ్త్ పొడవున్న యాంటెన్నా) పెట్టా, తీగకీ కేబుల్‌కీ జత కుదిర్చే 49:1 ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా పిట్టగోడకే బిగించా, అక్కణ్ణుంచి ఏడెనిమిది మీటర్ల కోయాక్స్ కేబుల్ కిటికీలోంచి నేరుగా గదిలోకి వచ్చేస్తుంది. 40, 20 మీటర్ల బ్యాండ్‌లు బాగానే నడుస్తున్నాయి. 80కి వెళ్లి పవర్ పెంచానా, మైకు జాలీ పెదవికి తగిలితే చాలు చురుక్కుమంటుంది, డిజిటల్ మోడ్‌లో అయితే ట్రాన్స్‌మిట్ మధ్యలో యూఎస్‌బీ ఊడిపోయి రిగ్ అలా కీ డౌన్‌లోనే (ట్రాన్స్‌మిట్ ఆగకుండా) ఉండిపోతోంది. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత, 1 అయితే భేష్) మాత్రం 1.4, అంటే యాంటెన్నా బానే ఉన్నట్టే కదా? పైగా సాయంత్రం అయ్యేసరికి రిసీవ్‌లో ఎస్9 గోల.

మా ఫ్రెండ్ ఒకడు తోటలో రేడియో కోసమే విడిగా ఎర్త్ రాడ్ కొట్టి పైకి లావు తీగ లాగు, ఇంటి ఎర్త్‌కి మాత్రం కలపకు, కలిపితే ఇంట్లో నాయిస్ అంతా రిగ్‌లోకి ఎక్కుతుంది అంటున్నాడు. రాడ్ నుంచి రిగ్ దాకా తీగ ఒక 10 మీటర్లు అవుతుంది. కొట్టించమంటారా? ముందు ముందు 160 కూడా చేయాలని ఉంది, దానికి ఏం కావాలో కూడా చెప్తే సంతోషం.

తీగల మేస్త్రి:

రాడ్ కొట్టించినా మైకు చురుకు తగ్గదండీ. ఎందుకో చెప్తా, కాస్త ఓపిగ్గా చదవండి.

10 మీటర్ల తీగ అంటే 7 మెగాహెర్ట్జ్‌లో దాదాపు పావు వేవ్‌లెంగ్త్. పావు వేవ్ తీగ కింది కొస భూమికి కలిస్తే పై కొస దగ్గర ఇంపీడెన్స్ (ఏసీ కరెంటుకి అడ్డు) ఆకాశానికి ఎక్కుతుంది, అంటే 40 మీటర్లలో ట్రాన్స్‌మిట్ చేస్తున్నంతసేపూ మీ రిగ్‌కి ఆ ఎర్త్ ఉన్నా లేనట్టే. 80లో కొంచెం నయం అనుకుంటారేమో, అక్కడా అదే కథ. తిన్నని తీగకి మీటరుకి సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ వేసుకోండి, 3.6 మెగాహెర్ట్జ్‌లో మీటరుకి 22 ఓమ్‌ల పైనే వస్తుంది, పది మీటర్లకి రెండొందలు దాటిపోతుంది. తీగ ఎంత లావుదైనా ఈ లెక్క పెద్దగా మారదు. మేడ మీద ఉన్నవాళ్లకి ఎర్త్ తీగతో ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటు) దించడం అయ్యే పని కాదు.

అసలు సమస్య ఫీడ్ పాయింట్ (తీగకి పవర్ అందే చోటు) దగ్గరుంది. ఒంటి చేత్తో చప్పట్లు మోగవు. ట్రాన్స్‌ఫార్మర్ ఒక టెర్మినల్ నుంచి తీగలోకి ఎంత కరెంటు పోతే రెండో టెర్మినల్ నుంచి కూడా అంతే పోవాలి. హాఫ్‌వేవ్ కొస కాబట్టి ఆ కరెంటు తక్కువే, కానీ సున్నా కాదు. మీరు రెండో టెర్మినల్‌కి ఏమీ కట్టలేదు కాబట్టి అది కోయాక్స్ జాలీ (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) బయటి వైపు పట్టుకుని గదిలోకి వచ్చి, రిగ్ మీదుగా మైకు తీగ, యూఎస్‌బీ తీగ, పవర్ సప్లై, ఇంటి వైరింగ్, అన్నిటినీ యాంటెన్నాలో భాగం చేసేసింది. 40లో, 20లో అదే దారిలో కరెంటు ఎక్కువ తక్కువలు వేరే చోట పడ్డాయి కాబట్టి మీకు తెలియలేదు, అంతే. ఎస్‌డబ్ల్యూఆర్ 1.4 చూసి మురిసిపోకండి, ఇంటి వైరింగ్‌తో కలిపి 1.4 అది.

చేయాల్సింది ఇది. డబ్బా ఎర్త్ టెర్మినల్‌కి 4 మీటర్ల తీగ కట్టి పిట్టగోడ వెంట పరిచేయండి, 80కి అది వేవ్‌లెంగ్త్‌లో సుమారు 0.05 వంతు, చాలు. ఆ తర్వాత కోయాక్స్ మీద, డబ్బా పక్కనే, కామన్ మోడ్ చోక్ (జాలీ బయటి వైపు పారే కరెంటుని అడ్డుకునే చుట్ట) పెట్టండి. 31 మిక్స్ (31 అనేది ఫెరైట్ రకం) ఫెరైట్ టొరాయిడ్ (రింగు), 2.4 అంగుళాల సైజు, ఎఫ్‌టీ240-31 అంటారు, దాని మీద ఆర్‌జీ-58 (సన్న కోయాక్స్) పన్నెండు చుట్లు వేస్తే 80లో కొన్ని వేల ఓమ్‌లు వస్తుంది. 43 మిక్స్ పై బ్యాండ్‌లకి బాగుంటుంది, లో బ్యాండ్‌లకి 31 తీసుకోండి. 160 కూడా ఆలోచనలో ఉంది కాబట్టి రెండు టొరాయిడ్‌లు కలిపి పేర్చి చుట్టేయండి, మళ్లీ మళ్లీ విప్పే పని ఉండదు.

కోర్ లేకుండా కోయాక్స్‌నే గుండ్రంగా చుట్టి టేపు వేసి చోక్ అని వేలాడదీస్తుంటారు చూడండి, దాన్ని ఇక్కడ నమ్ముకోవద్దు. 80లో దాని ఇంపీడెన్స్ మహా అయితే కొన్ని వందల ఓమ్‌లు, అది కూడా దాదాపు అంతా ఇండక్టివ్, మీ కోయాక్స్ పొడవు ఖర్మకాలి కెపాసిటివ్‌గా ఉందనుకోండి రెండూ కొట్టేసుకుని కరెంటు ఇంకా పెరుగుతుంది. ఫెరైట్‌లో రెసిస్టివ్ భాగం ఎక్కువ, అందుకే ఏ పొడవుకైనా పని చేస్తుంది.

ఇంకో మాట, 100 వాట్లు 2500 ఓమ్‌ల దగ్గర అంటే 500 ఓల్టులు. తీగ మొదలు పిట్టగోడ దగ్గరే ఉంది అన్నారు కాబట్టి పిల్లల చేతికి అందని ఎత్తుకి లేపండి.

ఎర్త్ గుంత:

మేస్త్రిగారు ఆర్‌ఎఫ్ సంగతి చెప్పేశారు, నేను ప్రాణం సంగతి చెప్తా. ఆ ఫ్రెండ్ సలహాలో "ఇంటి ఎర్త్‌కి కలపకు" అనే ముక్క వెంటనే మర్చిపోండి.

మీద పడక్కర్లేదు, దగ్గర్లో పిడుగు పడితే చాలు. మామూలు పిడుగులోనే 20, 30 వేల ఆంపియర్లు ఉంటాయి. తోటలో రాడ్ రెసిస్టెన్స్ 10 ఓమ్‌లు అనుకుందాం, 20 వేల ఆంపియర్లు అందులోకి దిగితే ఆ రాడ్ ఓల్టేజ్ రెండు లక్షలు లేస్తుంది, ఇంటి ఎర్త్ మాత్రం దాని మానాన అది ఉంటుంది. ఆ తేడా ఎక్కడ కలుస్తుంది? మీ రిగ్‌లో. యాంటెన్నా వైపు తోట రాడ్, ప్లగ్ వైపు ఇంటి ఎర్త్, మధ్యలో రిగ్గు, దాని పక్కన మీరు. అందుకే ఎన్ని రాడ్‌లు కొట్టినా అన్నిటినీ, ఇంటి ఎర్త్‌తో సహా, ఇంటి బయటే లావు తీగతో కలిపి తీరాలి. రాడ్ పొడవుకి రెండింతల దూరంలో తర్వాతి రాడ్ ఉంటే మంచిది, పక్కపక్కనే కొడితే రెండోది దండగ.

కోయాక్స్ ఇంట్లోకి వచ్చే చోట ఒక మెటల్ ప్లేటు పెట్టి, గ్యాస్ ట్యూబ్ అరెస్టర్ (ఓల్టేజ్ ఎగబాకితే దాన్ని భూమికి మళ్లించేది) దాని మీదే బిగించి, ఆ ప్లేటు నుంచి రాడ్‌కి తీగ పొట్టిగా, మెలికలు లేకుండా దింపండి. రెండో అంతస్తు అన్నారు కాబట్టి వీలైతే కోయాక్స్‌ని ముందు కింద నేల దాకా దించి, అక్కడ అరెస్టర్ పెట్టి, మళ్లీ పైకి తీసుకెళ్లండి. పొడవు పెరుగుతుంది కదా అని బెంగ వద్దు, 80లో 30 మీటర్ల ఆర్‌జీ-58కి ఒక డీబీ (సిగ్నల్ తరుగు కొలత) కూడా పోదు. జాయింట్‌లకి క్లాంపులే వాడండి, సోల్డర్ మీద ఆధారపడొద్దు, పిడుగు కరెంటుకి అది కరిగిపోతుంది.

ఉరుములు మొదలయ్యాక కనెక్టర్ పీకడం కాదండీ, రిగ్ వాడనప్పుడు ఎప్పుడూ పీకే ఉంచండి, పీకిన కొస బల్ల మీద రిగ్ పక్కనే పడేయకుండా కిటికీ బయట ప్లేటు దగ్గర ఉంచండి. ఇంకోటి, హమ్ వస్తోందనో నాయిస్ వస్తోందనో పవర్ సప్లై మూడో పిన్ ఎర్త్ ఎట్టి పరిస్థితుల్లో తీయకండి. ఇంటి మెయిన్ ఎర్త్ దగ్గర చేసే పని మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, సప్లైలో ఎర్త్, న్యూట్రల్ ఎలా కలిపారనే దాన్ని బట్టి అక్కడ రూల్స్ మారుతాయి.

అర్ధరాత్రి శ్రోత:

నాయిస్ గురించి నా వంతు. సాయంత్రం పెరగడంలో కొంత మీ తప్పూ కాదు, ఇంటి తప్పూ కాదు. పగలు డీ లేయర్ (పై వాతావరణంలో ఒక పొర) 80 మీటర్లని మింగేస్తుంది, పొద్దుగుంకాక అది పోతుంది, దాంతో దూరం స్టేషన్లతో పాటు ఎక్కడెక్కడి ఉరుములో కూడా మీ దాకా వస్తాయి. అది పటపటమని తెగి తెగి వినిపిస్తుంది, దాన్నేం చేయలేం. తెగకుండా గీ...మని ఒకటే పోత అయితేనో, డయల్ తిప్పుతుంటే సమాన దూరంలో మళ్లీ మళ్లీ గుట్టలా తగులుతూ మెల్లగా పక్కకి జారుతుంటేనో అది స్విచింగ్ సప్లై, ఎల్‌ఈడీ బల్బు డ్రైవరో చార్జరో సోలార్ ఇన్వర్టరో.

రిగ్‌ని బ్యాటరీ మీద పెట్టి ఇంటి మెయిన్ ఆపేయండి, ఎస్ మీటర్ చూడండి. పడిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు, బ్రేకర్లు ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే దొరుకుతాడు. యూపీఎస్‌లూ ఇన్వర్టర్లూ మెయిన్ ఆపినా నడుస్తూనే ఉంటాయి, వాటిని విడిగా ఆపాలి, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మేస్త్రిగారి చోక్ పెడితే ఇక్కడా లాభమే, ఎందుకంటే ట్రాన్స్‌మిట్‌లో కరెంటు లోపలికి వచ్చిన దారిలోనే రిసీవ్‌లో ఇంటి చెత్త కోయాక్స్ జాలీ మీదుగా యాంటెన్నా దాకా వెళ్తుంది.

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి డీసీ తీగ కూడా చూసుకోండి. 100 వాట్ల రిగ్ ఫుల్ పవర్‌లో 20 ఆంపియర్ల పైనే లాగుతుంది. రెండు మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే రానూపోనూ కలిపి అర ఓల్టు పైనే పోతుంది, 6 వేస్తే పావు ఓల్టుతో సరి. ఫ్యూజులు ప్లస్, మైనస్ రెండిటికీ, బ్యాటరీ వైపు కొసలో.

టాప్ బ్యాండ్ పిచ్చోడు:

160 మీటర్లు, అంటే టాప్ బ్యాండ్ అన్నారు కాబట్టి ఊరుకోలేకపోతున్నా. మీ 40 మీటర్ల తీగ 80కి హాఫ్‌వేవ్, అదే 160కి పావు వేవ్! ఆ తీగ మొదలు నేల మీదికి వచ్చేలా మార్చుకుని, 12, 15 మీటర్లు నిలువుగా లేపి మిగతాది అడ్డంగా చెట్టు వైపు లాగితే అదే ఇన్వర్టెడ్ ఎల్. 49:1 దీనికి పనికిరాదు, ఇక్కడ ఇంపీడెన్స్ తక్కువ, నేరుగా కోయాక్స్ కట్టొచ్చు, చోక్ మాత్రం మామూలే.

కాకపోతే దీనికి రేడియల్స్ (యాంటెన్నా మొదలు నుంచి చుట్టూ పరిచే తీగలు) కావాలి, రాడ్ ఒక్కటీ సరిపోదు. రాడ్‌కి తగిలే మట్టి ఎంతని. నేల మీద పరిచే రేడియల్స్‌ని పొడవు కొలిచి ట్యూన్ చేయక్కర్లేదు, మట్టి దగ్గరగా ఉండేసరికి రెజొనెన్స్ (పొడవుని బట్టి ఒక ఫ్రీక్వెన్సీకి కుదరడం) అంతా పోతుంది. ఉన్న తీగనే 40 మీటర్లవి నాలుగు వేసే బదులు 10 మీటర్లవి పదహారు వేయండి, అది మేలు. బ్రాడ్‌కాస్ట్ స్టేషన్లు 120 వేస్తాయి, బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టీన్ 1937లో అచ్చేసిన కొలతల నుంచి వచ్చిన ఆనవాయితీ అది. మనకి అంత అక్కర్లేదు, 30 దాటాక ప్రతి కొత్త తీగకీ వచ్చే లాభం తగ్గిపోతూ ఉంటుంది. నేలకి ఎత్తులో అయితే రెండో నాలుగో చాలు కానీ అవి పావు వేవ్‌కి ట్యూన్ అవ్వాలి, మనిషి తలకి తగలని ఎత్తులో ఉండాలి.

ఇక్కడ ఎస్‌డబ్ల్యూఆర్ భలే మోసం చేస్తుంది. పూర్తి పావు వేవ్ వర్టికల్‌కి (నిలువు యాంటెన్నాకి) మంచి గ్రౌండ్ ఉంటే 36 ఓమ్‌లు చూపించాలి. మీటర్ 50 చూపిస్తోందంటే ఆ మిగతా 14 మట్టిలో కాలిపోతున్న భాగం, 100 వాట్లలో 28 వానపాములకి. ఇన్వర్టెడ్ ఎల్‌లో నిలువు భాగం పొట్టి కాబట్టి అసలు రేడియేషన్ రెసిస్టెన్స్ (సిగ్నల్‌గా బయటికి పోయే భాగం) ఇంకా తక్కువ, 20 అనుకోండి, అప్పుడు 50 చూపిస్తే సగం పైగా మట్టికే. అందుకే రేడియల్స్ వేసేకొద్దీ ఎస్‌డబ్ల్యూఆర్ 1.0 నుంచి 1.5కీ, 2కీ చెడిపోతూ ఉంటే కంగారు పడకండి, పని సరిగ్గా జరుగుతున్నట్టు.

తీగల మేస్త్రి:

పిచ్చోడు అన్నతో ఒక్క చోట పేచీ. దగ్గరి స్టేషన్లతో, అంటే మూడు నాలుగొందల కిలోమీటర్ల లోపు మాట్లాడుకోడానికి వర్టికల్, ఎల్ అన్నీ దండగ, వాటి సిగ్నల్ తక్కువ కోణంలో దూరం పోతుంది. దానికి 80లో 10 మీటర్ల ఎత్తు ఇన్వర్టెడ్ వీ (మధ్య ఎత్తుగా ఉండి రెండు కాళ్లు కిందికి వాలిన యాంటెన్నా) చాలు, ఎత్తు తక్కువ కాబట్టి సిగ్నల్ నెత్తి మీదకే పోయి చుట్టుపక్కలంతా దిగుతుంది. ఒక్కో కాలు 20 మీటర్లకి కొంచెం తక్కువ, ఇన్సులేషన్ ఉన్న తీగ అయితే ఇంకాస్త తక్కువే చాలుతుంది కానీ ముందే కత్తిరించకుండా మడిచి కట్టి చూసుకోండి. మధ్యలో 1:1 చోక్.

మేడమీద రిగ్:

అందరికీ పెద్ద థాంక్స్. నాలుగు మీటర్ల తీగ, 31 మిక్స్ చోక్ రెండూ పెట్టా. 80లో ఫుల్ పవర్‌లో మైకు పట్టుకున్నా ఏమీ లేదు, యూఎస్‌బీ కూడా నిలబడింది. చిత్రంగా ఎస్‌డబ్ల్యూఆర్ 1.4 నుంచి 1.9 అయింది, రెజొనెన్స్ కూడా కిందికి జరిగింది. నాయిస్ ఎస్9 నుంచి ఎస్7కి దిగింది, మెయిన్ ఆపితే ఎస్5. బ్రేకర్లు వేసుకుంటూ పోతే మెట్ల దగ్గర ఎల్‌ఈడీ బల్బు దొరికింది. తోటలో రాడ్ ఎలక్ట్రీషియన్‌తో ఇంటి ఎర్త్‌కి కలిపించే కొట్టిస్తా, అరెస్టర్ కోసం. ఎస్‌డబ్ల్యూఆర్‌కి ఏం చేయాలి, తీగ కత్తిరించనా?

తీగల మేస్త్రి:

ఇప్పుడు చూపిస్తున్నదే అసలు యాంటెన్నా ఎస్‌డబ్ల్యూఆర్. రెజొనెన్స్ కిందికి జరిగింది అంటే తీగ పొడవెక్కువ ఉన్నట్టు, కొస దగ్గర ఒక అడుగు వెనక్కి మడిచి దాని మీదే చుట్టి చూడండి, కత్తిరించకండి. 80 సరి చేస్తే 40, 20 కూడా కదులుతాయి, మూడూ చూసుకున్నాకే కట్టు బిగించండి. పనిలో పని డబ్బా దగ్గర కనెక్టర్‌కి సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు (తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు) సాగదీసి చుట్టి, దాని మీద మామూలు పీవీసీ టేపు వేసి, కోయాక్స్‌ని కిందికి ఒక వంపు తిప్పి వదలండి, నీళ్లు అక్కణ్ణుంచి కారిపోతాయి.