అప్‌డేట్: డ్యూస్ టు సెవెన్ ట్రిపుల్ డ్రా కాస్త ఎక్కింది

పోయినవారం అడిగా కదా, ఈ పోకర్ ఆటలో (మూడుసార్లు ముక్కలు మార్చుకోవచ్చు, అన్నిటికంటే చిన్న చెయ్యే గెలుస్తుంది, జతలూ సీక్వెన్సులూ పడితే నష్టమే) ఆసు, 2, 3, 4, 5 పెట్టుకుని కూడా ఎందుకు ఓడిపోయానని. మీరు చెప్పాక వెలిగింది, ఇందులో ఆసు ఎప్పుడూ పెద్ద ముక్కే, 7-5-4-3-2 టాప్, అదీ అన్నీ ఒకే గుర్తు (అన్నీ ఇస్పేట్లే లాగా) కాకపోతేనే. రమ్మీ అలవాటు కొద్దీ 3-4-5-6 చూసి మురిసిపోయేవాణ్ణి, తీరా 2 వచ్చినా 7 వచ్చినా సీక్వెన్స్ అయిపోయి కొంప మునిగేది!

నిన్న డాలస్‌లో ఫ్రెండ్ ఇంట్లో మళ్ళీ కూర్చున్నాం. 2 లేని చేతులు దాదాపు అన్నీ పారేశా (బోరు కొట్టింది, అబద్ధమెందుకు). ఆఖరి డ్రాలో నా దగ్గర 9-7-4-3-2, ముందు మార్చేది అవతలోడే కాబట్టి వాడు ఒక ముక్క మార్చడం చూసి నేను కదపకుండా ఉంచేశా, వాడికి 3ల జతో 4ల జతో పడి చెయ్యి పాడైంది. స్నో బ్లఫ్‌కి (చెత్త చెయ్యి ఉన్నా మంచిదన్నట్టు ముక్కలు మార్చకుండా కూర్చుని భయపెట్టడం) మాత్రం ఇంకా ధైర్యం చాల్లేదు.