ఇంటి హాట్ టబ్‌కు క్లోరినా, బ్రోమినా, ఓజోనా?

ప్రశ్న (తిరుచానూరు నుంచి):
మేడమీద నలుగురు కూర్చునే హాట్ టబ్ (వేడినీటి తొట్టె) పెట్టించాము. నింపేది బోరు నీరు; బకెట్టు అంచున తెల్లటి పొర గట్టిగా పేరుకుంటుంది. ఓజోన్ వాయువుతో నీటిని శుభ్రం చేసే యంత్రం ఉంటే క్లోరిన్, బ్రోమిన్ లాంటి క్రిములను చంపే మందులేవీ అక్కర్లేదని అమ్మినవారు అంటున్నారు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారు కూడా వాడతారు కాబట్టి, తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు:
అయ్యా, ఆ మాట నమ్మకండి. ఓజోన్ యంత్రం గుండా పారే నీటినే శుభ్రం చేస్తుంది గానీ టబ్బులో నిలిచి ఉండదు. మనుషులు దిగాక చేరే క్రిములను అక్కడికక్కడే చంపడానికి నీటిలో ఎప్పుడూ కనీసం 3 పీపీఎం (పది లక్షల భాగాల నీటికి 3 భాగాలు) క్లోరిన్ గానీ 4 పీపీఎం బ్రోమిన్ గానీ ఉండాలని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలి. గోరువెచ్చని నీటిలో పెరిగే లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా తుంపరల ద్వారా ఊపిరితిత్తుల్లో చేరితే న్యుమోనియా వస్తుంది, పెద్దవయసువారికి ఆ ముప్పు మరీ ఎక్కువ.

మరో జవాబు (చిత్తూరు నుంచి):
నా మొగ్గు బ్రోమిన్ వైపే. వేడికి క్లోరిన్ కంటే నిలకడగా ఉంటుంది, ఘాటు కూడా తక్కువ. అయితే మన ఎండకు త్వరగా తరిగిపోతుంది కనుక మూత తప్పనిసరి. ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసే ఉప్పునీటి యంత్రం సున్నం ఎక్కువున్న మీ బోరు నీటికి సరిపడదు, దాని లోపలి పలకలకు సున్నం పడుతుంది. క్లోరిన్ కోసం బ్లీచింగ్ పౌడరు వేస్తే నీటిలో కాల్షియం ఇంకా పెరుగుతుంది. ఏది ఎంచుకున్నా క్లోరిన్, బ్రోమిన్ మందులు రెండింటినీ పొడిగా ఒకే డబ్బాలో కలపకండి, మంటలు లేచే ప్రమాదముంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఓజోన్‌ను తోడుగా ఉంచుకొని బ్రోమిన్ బిళ్లలు, పరీక్ష పట్టీలు తెప్పిస్తున్నాను. వేడి 40 డిగ్రీలు దాటనివ్వను, అమ్మగారిని దింపే ముందు డాక్టరుగారిని అడుగుతాను.