ముట్టుకుంటే మండే చేతిని కదిలించాలా, కట్టి ఉంచాలా?

చిత్తూరు కుట్టుమిషన్

అందరికీ నమస్కారం. మూడు నెలలుగా మా ఇంట్లో తెగని గొడవ ఒకటుంది. అనుభవం ఉన్నవాళ్లు చెబుతారని రాస్తున్నా. ఎడమచేత్తో టైపు చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పోయినేడు వానల్లో మెట్ల మీద జారి కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. విప్పిన రోజు ఎముక చక్కగా అతికిందన్నారు. చెయ్యి మాత్రం నాది కానట్టు ఉంది. వాచిపోయి వంకాయ రంగుకి తిరిగింది. ఎడమచెయ్యి చల్లగా ఉంటే ఇది పొయ్యి పక్కన పెట్టినట్టు వేడి. పైట చెంగు తగిలినా కారం పూసినంత మంట. ఫ్యాను గాలి కూడా పడదు. అరచేతిలో చెమట బొట్లు బొట్లుగా దిగేది, గోళ్లు ఎడమచేతి కంటే తొందరగా పెరిగేవి. కుడిచేతికి గాజులు వేసి ఏడాది దాటింది.

నలుగురు డాక్టర్లకు చూపించాను. అందరూ ఎక్స్‌రే చూసి బాగుందన్నారు. ఒకాయనైతే నేను అక్కడ లేనట్టు మా ఆయన వైపు తిరిగి, 'ఇంటిపని తప్పించుకోవడానికి కూడా కొందరు ఇలా చెబుతారండీ' అన్నారు. ఆ మాట ఇప్పటికీ రాత్రిళ్లు గుర్తొస్తుంది. పదో నెలలో వేలూరు వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ రెండు చేతులూ పక్కపక్కన టేబుల్ మీద పెట్టించింది. దూదితో తాకి చూసింది. రంగు, వేడి, చెమట, గోళ్లు, వేళ్లు ఎంతవరకు వంగుతున్నాయి, ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్, సీఆర్‌పీఎస్ అంది. రోగం ఉందని ఒకరు ఒప్పుకున్నారు కదా అని బస్సులో చిత్తూరు వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నా.

ఇప్పుడు గొడవ ఏమిటంటే, ఫిజియోథెరపీలో చెయ్యి రోజూ కదపమంటున్నారు. మా అత్త ఒప్పుకోదు. 'మండే చేతిని ఎవరైనా కదుపుతారా? పుత్తూరు పోయి కట్టు కట్టించుకుని రెండు నెలలు కుదురుగా కూర్చో' అంటుంది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఇన్ని నెలలూ నాకు తల దువ్వింది ఆమే. అందుకే ఆమె మాట తీసేయలేకపోతున్నా. మీరేమంటారు?

నగరి రైతు

అమ్మా, నేను మీ అత్తగారి పక్షమే. మా పెద్దోడు ట్రాక్టర్ మీంచి పడి మోచెయ్యి విరిగితే పుత్తూరు కట్టుతోనే బాగైంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు. మూడు కట్లు మార్చారు. ఇప్పుడు మూటలు మోస్తున్నాడు. దెబ్బ తగిలిన ఎద్దు మెడ మీదే కాడి పెట్టం, మనిషి చేతితో పని చేయిస్తారా? నొప్పి అంటే ఒళ్లు 'ఆపు' అని చెప్పడం. ఆ మాట వినకుండా కదపమనడం ఏ వైద్యమో నాకు అర్థం కాలేదు.

తిరుపతి ఫిజియో

అన్నా, విరిగిన ఎముకకి కట్టు ఎందుకు కడతాం? ముక్కలు కదలకుండా ఉంటేనే అతుకుతాయని. ఈ అక్క ఎముక ఎప్పుడో అతికిపోయింది. ఇప్పుడు కట్టుకి అక్కడ పనేముంది? చెడింది కబురు మోసే నరాలు, ఆ కబురు అందుకునే వెన్నుపాము, మెదడు.

నొప్పి 'ఆపు' అని చెప్పే కేక అన్నారు. మామూలు రోజుల్లో అది నిజం. ఆ కేక లేకపోతే ఏమవుతుందో వేలూరులోనే పాల్ బ్రాండ్ అనే సర్జన్ కుష్ఠు రోగుల చేతుల్లో చూశారు. నొప్పి తెలియక దెబ్బలు, కాలిన గాయాలు పట్టించుకోకుండా వదిలేసి వేళ్లు పోగొట్టుకునేవాళ్లు. సీఆర్‌పీఎస్ దానికి తలకిందులు. ప్రమాదం దాటిపోయినా కేక ఆగదు. ఆ కేక విని చెయ్యి కట్టి కూర్చుంటే కీళ్లు బిగుసుకుంటాయి, కండ కరుగుతుంది, ఎముక బలం తగ్గుతుంది. మెదడులో చేతికి ఉన్న గుర్తు కూడా చెదిరిపోతుంది. 'నాది కానట్టు ఉంది' అని అక్క రాసింది చూశారా, ఈ రోగం ఉన్నవాళ్లు చాలామంది నా దగ్గర అదే మాట అంటారు.

ఇది ఇప్పుడు పుట్టిన రోగం కాదు. 1861-65 అమెరికా అంతర్యుద్ధంలో తూటాలు తగిలిన సైనికుల్లో ఇలాంటి మంటను సైలస్ వియర్ మిచెల్ అనే డాక్టరు రాసిపెట్టారు. గాయం మానినా తడిగుడ్డ లేకుండా ఉండలేకపోయేవాళ్లు. కొందరు బూట్లలో నీళ్లు పోసుకుని నడిచేవాళ్లు. ఇప్పటి పేరు 1994లో పెట్టారు. 2003లో నిపుణులు బుడాపెస్ట్‌లో కూర్చుని దీన్ని ఎలా గుర్తుపట్టాలో తేల్చారు. లక్షణాలు నాలుగు గుంపులు: ఒకటి తాకితే నొప్పి; రెండు రంగు, వేడి తేడా; మూడు వాపు, చెమట; నాలుగు కదలిక, గోళ్లు, వెంట్రుకల్లో మార్పు. వీటిలో కనీసం మూడు గుంపుల లక్షణాలు రోగి చెప్పాలి, రెండు గుంపులవి డాక్టరు కంటికి కనపడాలి, ఇంకే రోగమూ దీనికి సరిపోకూడదు. వేలూరులో రెండు చేతులూ పక్కపక్కన పెట్టించింది ఇందుకే. ఇదీ అని తేల్చేసే రక్తపరీక్ష లేదు. ఎక్స్‌రే ఒక్కటే చూసేవాళ్లకి ఇది దొరకదు.

పలమనేరు అక్క

ఫిజియో తమ్ముడు చెప్పింది బాగుంది కానీ సగమే చెప్పాడు.

నాకిది ఎడమ పాదంలో ఆరేళ్లుగా ఉంది. స్కూటర్ మీంచి పడితే మడమ బెణికింది, విరగను కూడా లేదు. మొదట వెళ్లిన చోట ఒకాయన నా పాదం రెండు చేతులా పట్టుకుని వంచాడు. నేను అరుస్తుంటే 'ఓర్చుకోమ్మా, నొప్పి లేకుండా నయం కాదు' అన్నాడు. ఇంటికొచ్చి చూసుకుంటే పాదం సొరకాయలా ఉబ్బింది, దుప్పటి అంచు తగలకుండా మూడు రాత్రులు కుర్చీలోనే కూర్చున్నా. ఆ తర్వాత ఆరునెలలు ఫిజియో అన్న మాట వింటేనే వణుకు. అప్పుడు నగరి అన్నలాంటి వాళ్లు 'కదపొద్దు' అంటే అదే నిజమనిపించింది. కదపకుండా కూర్చున్న ఆ ఆరునెలల్లోనే నా పాదం బిగుసుకుపోయింది.

మళ్లీ మొదలుపెట్టించిన అమ్మాయి నా కాలు ముట్టుకోలేదు. ఫోనులో పాదాల ఫొటోలు చూపించి ఏది కుడి, ఏది ఎడమ అని అడిగింది. నమ్ముతారో లేదో, ఎడమ పాదం బొమ్మ వస్తే చెప్పడానికి నాకు ఎక్కువ సేపు పట్టేది. రెండు వారాలు అదే పని. తర్వాత పాదం కదులుతున్నట్టు కళ్లు మూసుకుని ఊహించుకోమంది. ఆ తర్వాతే అద్దం. అప్పటికి గానీ నేల మీద కాలు మోపలేదు. ఇప్పుడు మెత్తటి సాక్సు వేసుకుని బస్టాండుదాకా నడుస్తా. తిరుమల మెట్లు ఎక్కే ఆశ మాత్రం వదులుకున్నా.

కాబట్టి చెల్లెమ్మా, కదిలించు. ఎంత అన్నది మాత్రం నువ్వే చెప్పు. నీ చెయ్యి ఇంకొకరు పట్టుకుని వంచితే లేచి వచ్చేయి.

తిరుపతి ఫిజియో

అక్కా, మీరు చెప్పింది నిజం. నేను ముందే రాయాల్సింది. మేం చూసుకునే గుర్తు ఒకటుంది: ఈరోజు చేసిన దానికి పెరిగిన నొప్పి రేపు పొద్దునకి మామూలు స్థాయికి దిగకపోతే నిన్న ఎక్కువ చేసినట్టు. అప్పుడు తగ్గించాలి. మానేయకూడదు.

అద్దం సంగతి తెలియనివాళ్లకి: రెండు చేతుల మధ్య అద్దం నిలబెట్టి బాగున్న చేతిని కదుపుతారు. అద్దంలో అది జబ్బు చేతిలా కనిపిస్తుంది. మద్రాసులో ఎంబీబీఎస్ చదివిన వి.ఎస్. రామచంద్రన్ 1990ల్లో, తెగిపోయిన చెయ్యి ఇంకా నొప్పి పెడుతోందనే వాళ్ల కోసం మొదలుపెట్టిన పద్ధతి. తర్వాత సీఆర్‌పీఎస్‌కీ వాడుతున్నారు.

చంద్రగిరి మాస్టారు

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. పేరు తెలిస్తే ఏం ఒరుగుతుంది? మందులు నరాల నొప్పికి ఇచ్చే అవే గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్. మా ఇంటావిడకి ఇదే రోగమని చెప్పారు. అప్పటిదాకా ఎలాగో తిరుగుతూ ఉండేది. పేరు తెలిశాక ఫోనులో చదివి 'ఇది పోయేది కాదట' అని మంచం పట్టింది. ఆ పేరు చెప్పకపోయినా బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. ఐసు పెడితే వాపైనా తగ్గుతుందేమో కదా?

పలమనేరు అక్క

మాస్టారూ, ఐసు వద్దు. ఈ రోగంలో చల్లదనం కూడా నొప్పే, మంట పెరుగుతుంది. నేను పెట్టి చూసి చెబుతున్నా.

పేరు తెలియని రోజుల్లో పాదానికి ఆపరేషన్ చేద్దామన్నవాళ్లు కూడా తగిలారు నాకు. పేరు తెలియబట్టే అది ఆగింది. మా తమ్ముడు 'అక్క నాటకం' అనడం మానేశాడు. నాకు మందు కంటే అదే ఎక్కువ పనిచేసింది. మీ ఇంటావిడ చదివింది పూర్తి నిజం కూడా కాదు. చాలామందికి మొదటి ఏడాదిలోనే బాగా తగ్గుముఖం పడుతుంది. నిలిచిపోయేది నాలాంటి కొందరికి. నిలిచిపోయినా నేను పొద్దున లేచి వంట చేస్తున్నా. వీలైతే ఆమెను ఇక్కడ నాతో మాట్లాడమనండి.

చంద్రగిరి మాస్టారు

సాయంత్రం ఆమెకి చదివి వినిపిస్తాను. ధన్యవాదాలమ్మా.

నగరి రైతు

ఎముక అతికిపోయిందన్న మాట నేను సరిగ్గా చూసుకోలేదు. కట్టు మాట వెనక్కి తీసుకుంటున్నా. విరిగిన చేతికి పుత్తూరు కట్టు మంచిదన్న మాట మాత్రం వదలను. రోజూ కదపడం మీద కూడా నాకింకా నమ్మకం కుదరలేదు. రెండు నెలలు చేసి ఎలా ఉందో ఇక్కడే రాయమ్మా, చూద్దాం.

చిత్తూరు కుట్టుమిషన్

అందరూ ఇంత ఓపికగా రాసినందుకు ఏమని చెప్పాలో తెలియడం లేదు.

మీ మాటలన్నీ మా అత్తకి చదివి వినిపించాను. పలమనేరు అక్క కుర్చీలో కూర్చున్న మూడు రాత్రుల దగ్గర ఆపి, 'మళ్లీ చదువు' అంది. ఈసారి నాతో పాటు ఫిజియోథెరపీకి ఆమే వచ్చింది. 'నా కోడలి చెయ్యి మీరు వంచకూడదు, అదే వంచుకుంటుంది' అని లోపలికి వెళ్లగానే చెప్పింది. వాళ్లు ఏమీ అనుకోలేదు.

నాకు ఇచ్చిన పని బియ్యంలో చెయ్యి పెట్టడం. చర్మానికి తాకుడు అలవాటు కావాలట. మొదటిరోజు వేలికొనలు ముంచి పది లెక్కపెట్టేలోపే తీసేశాను, గింజలు నిప్పుకణాల్లా ఉన్నాయి. సాయంత్రం దీపం పెట్టాక మా అత్త డబ్బా తెచ్చి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. లెక్క ఆమె పెడుతుంది, ఆపమనేది నేను. నిన్న మణికట్టుదాకా దించి ముప్పై ఐదు దగ్గర ఆపమన్నా. పొద్దునకి మంట మామూలుగానే ఉంది. ఈరోజు కూడా ముప్పై ఐదే చేస్తాం.