పాపకి టెట్రాలజీ ఆఫ్ ఫాలట్ (పుట్టుకతో వచ్చే గుండె జబ్బు), ఏడిస్తే నీలంగా అయిపోతోంది

చిన్ని అమ్మ: మా పాపకి 3 నెలలండి, గుండెలో రంధ్రం ఉంది, ఊపిరితిత్తులకి వెళ్ళే దారి కూడా ఇరుకుగా ఉందంట, ఆపరేషన్ 6 నెలలు దాటాక అన్నారు. ఇవాళ పొద్దున స్నానం పోస్తుంటే గుక్కపట్టి ఏడ్చింది, పెదాలు నేరేడుపండు రంగుకి వచ్చేశాయి, నాకు కాళ్ళూచేతులూ ఆడలేదు. అత్తయ్యేమో దిష్టి అంటున్నారు. అలా అయితే ఏం చెయ్యాలి?

బుజ్జిగాడి నాన్న: మావాడికీ ఇదేనండి. వెంటనే మోకాళ్ళు రెండూ మడిచి ఛాతీకి ఆనించి పట్టుకోండి, అలా చేస్తే రక్తం ఊపిరితిత్తుల వైపు ఎక్కువ మళ్ళుతుంది. మీరు అరవకండి, వాళ్ళు ఇంకా ఏడుస్తారు. తగ్గకపోయినా, పాప వాలిపోయినా 108కి కొట్టేయండి. తగ్గినా సరే డాక్టర్‌కి ఇవాళే చెప్పాలి, ఇలాంటివి వస్తే మందు మొదలుపెడతారు, ఒక్కోసారి ఆపరేషన్ ముందుకి జరుపుతారు. దిష్టి తీస్తే తియ్యనివ్వండి పాపం, ఆస్పత్రి మాత్రం ఆపొద్దు.

లక్ష్మి: వాంతులు విరేచనాలు అయితే లైట్ తీసుకోకండి, ఒంట్లో నీరు తగ్గితే ఇలా నీలంగా అయిపోయే ఎటాక్స్ ఎక్కువవుతాయి. ఖర్చుకి ఏపీలో ఎన్టీఆర్ వైద్యసేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉన్నాయి, పుట్టపర్తి సత్యసాయి ఆస్పత్రిలో ఫ్రీగానే చేస్తారు.

చిన్ని అమ్మ: ఫోన్ చేశానండి, ఇప్పుడే తీసుకురమ్మన్నారు, ఆటోలో ఉన్నాం